మా బాయి, బావ బాయి, ఒక కాయితం



పోయిన వారం రైతు వేదికల నేనొక కాయితం గోడకు అతికించిన. ఒకటే పేజీ మీద నాలుగు గ్రాఫులు, ఒకదాని కింద ఒకటి. చూసినోళ్లల సగం మంది మంచిగుందన్నరు. మిగిలినోళ్లు "ఇదేం జాతకం?" అని నవ్విండ్రు. ఇద్దరు ముగ్గురు మాత్రం ఫోటో తీసుకొని, ఇది ఎట్ల చేసినవ్, మాకు గూడ చెప్పు అన్నరు. వాళ్ల కోసమే ఈ పోస్టు. రోహిణి కార్తె దగ్గర పడ్డది. పసుపు ఎన్ని గుంటలు పెట్టాలె అని అందరం లెక్కలేసుకునే టైం ఇది. అందుకే ఇప్పుడే రాస్తున్న.

కానీ కాయితం గురించి చెప్పేముందు, అంతకు ముందు చేసిన ఇంకో కాయితం గురించి చెప్పాలె. అది నేను తప్పుగ చేసిన కాయితం. దానివల్ల మా బావ పొలం ఎండింది. ఆ ముచ్చట దాచిపెట్టి, మంచిగైన కాయితం ఒక్కటే చూపిస్తే నాకు మనసొప్పదు.

మొదట్నుంచి చెప్తా.

మా బాపుకు లెక్కలు రాసే అలవాటుండె. ఏ చెలక ఎన్ని గుంటలు, ఎన్ని బస్తాలు, యార్డుల ఏం ధర పలికింది, కైకిలి ఎంతైంది, అన్నీ ఎర్ర అట్ట బుక్కుల రాసేటోడు. ఆయన పోయినంక నేను రాస్తున్న. దానికి నేను ఇంకోటి కలిపిన. నెలకు రెండు సార్లు, ఒకటో తారీఖు, పదిహేనో తారీఖు, తాడుకు రాయి కట్టి బాయిల నీళ్లు గడ్డ నుంచి ఎన్ని ఫీట్ల లోతుల ఉన్నయో కొలిచి రాస్తా. ఖర్చు లేని పని. తాడుకు ఫీటుకొక ముడి, అంతే.

మా బిడ్డ హైదరాబాదుల చదువుతది. ఒకసారి సెలవులకు వచ్చినప్పుడు ఆ బుక్కు చూసి, "బాపూ, ఇవన్నీ ఫోన్ల ఎక్కిద్దాం" అన్నది. గూగుల్ షీట్ల నాలుగు వరుసలు చేసి ఎక్కించింది. అటెన్క కొలాబ్ అని ఒకటి ఉంటది, గూగుల్‌దే, పైసలు అవసరం లేదు, ఫోన్లనే తెరుచుకుంటది. అండ్ల పైథాన్ అనే భాషల నాలుగు ముక్కలు రాస్తే బుక్కుల ఉన్న అంకెలు గీతలై కనబడ్తయి. నేను పదో తరగతి చదివిన మనిషిని. మొదటి రోజు ఒక కామా మర్చిపోతే ఎర్ర అక్షరాలు దండిగ వచ్చినయి, భయపడ్డ. "ఏం కాదు బాపూ, అది తిట్టుడు కాదు, తప్పు ఏ లైన్ల ఉన్నదో చెప్పుడు" అన్నది. నెల రోజులకు అలవాటైంది.

అప్పుడు నేను చేసిన పని ఏందంటే, ఒక్కో గ్రాఫు వేరేవేరేగా గీసి వాట్సాప్‌ల పెట్టుడు. పొద్దుగాల వాన గ్రాఫు, మధ్యాహ్నం బాయి గ్రాఫు, రాత్రి పసుపు ధర గ్రాఫు. ఎవ్వలకు అర్థం కాలె. ఎందుకంటె రెండోది చూసే వరకు మొదటిది మర్చిపోతం. పైకి జరిపి కిందికి జరిపి, "ఏ ఏడు రా ఇది?" అని అడుగుడు. మనిషి కన్ను రెండింటిని పక్కపక్కన పెట్టి పోల్చగలదు గని, ఒకటి చూసి, దాన్ని మనసుల పెట్టుకొని, ఇంకోటి చూసి పోల్చుడు కష్టం. యార్డుల రెండు కుప్పల పసుపు పక్కపక్కన ఉంటే ఏది మంచి రంగో చిన్న పోరడు గూడ చెప్తడు. ఒక కుప్ప మెట్‌పల్లిల, ఇంకోటి నిజామాబాదుల ఉంటే దలాల్ గూడ తడబడ్తడు.

అందుకే అన్ని గ్రాఫులు ఒక్క పేజీ మీదికి తేవాలె అనుకున్న. దానికి పైథాన్ల ఒక లైను ఉన్నది. సబ్‌ప్లాట్స్ అంటరు. ఎన్ని అడ్డ వరుసలు, ఎన్ని నిలువు వరుసలు కావాలో బ్రాకెట్ల రాస్తే, పేజీని అన్ని గడులుగ కోసి ఇస్తది. చేన్ల మడులు కట్టినట్టు. 2, 2 అంటే నాలుగు మడులు. 4, 1 అంటే ఒకదాని కింద ఒకటి నాలుగు. తర్వాత ఏ మడిల ఏ గీత వేయాలో మనం చెప్పాలె.

ఈ మడుల సంగతి మన జగిత్యాల, కోరుట్ల దిక్కోళ్లకు కొత్త గాదు. 2019 ఏప్రిల్ 11 యాదికి తెచ్చుకోండ్రి. పసుపు బోర్డు కోసం, మద్దతు ధర కోసం మనోళ్లు నామినేషన్లు ఏస్తే, నిజామాబాద్ పార్లమెంటుకు మొత్తం 185 మంది పోటీల నిలబడ్డరు. పోలింగు బూతుల 12 బ్యాలెట్ మిషన్లు పెట్టిండ్రు. ఒక్కో మిషన్ల 16 గుర్తులు. 12 పదహార్లు 192. పోటీదారులు 185, నోటా ఒకటి, మొత్తం 186. ఇంక ఆరు గడులు మిగిలినయి. అప్పుడు మనం "ఫలానా మిషన్ల పై నుంచి ఫలానా నంబరు" అని గుర్తు పెట్టుకొని పోయి ఒత్తి వచ్చినం. సబ్‌ప్లాట్స్ గూడ గట్లనే. ఏ వరుస, అండ్ల ఎన్నో గడి. ఒక్క తేడా ఏందంటే, పైథాన్ ఒకటి నుంచి లెక్కపెట్టదు, సున్నా నుంచి లెక్కపెడ్తది. మొదటి గడి పేరు సున్నా, రెండోది ఒకటి. ఈ సంగతి తెల్వక నేను వాన పోయి ధర మడిల పడ్డట్టు చేసిన. మీరు జాగ్రత్త.

ఇగ అసలు తప్పు కాడికి వస్తున్న.

మా అక్కను సిరిసిల్ల దిక్కు మెరక ఊరికి ఇచ్చినం. బావకు మూడెకరాల పొలం, ఒక బాయి. ఆయన తమ్ముడు సిరిసిల్లల సాంచెలు నడిపిస్తడు. నేను మా బాయి కొలుస్తున్న సంగతి చూసి బావ గూడ 2023 అక్టోబర్ నుంచి కొలిచి అక్కతోని నాకు వాట్సాప్ చేయించేటోడు. ఆ ఏడు వాన సంగతి మీకు ఎరుకే. జూలైల దంచికొట్టింది, ఆగస్టుల ముఖం చాటేసింది.

2024 జనవరిల బావ ఫోన్ చేసి, "బామ్మర్దీ, యాసంగి నాట్లు ఏయాల్నా వద్దా? నీళ్లు తగ్గుతున్నయి అనిపిస్తంది. నీ లెక్క ఏం చెప్తది?" అన్నడు. నేను అప్పుడే సబ్‌ప్లాట్స్ నేర్చుకున్న ఉషారుల ఉన్న. రెండు గడులు చేసిన. ఎడమ దిక్కు మా బాయి, కుడి దిక్కు బావ బాయి. రెండు గీతలు చూస్తే అన్నదమ్ముల్లెక్క ఉన్నయి. అక్టోబర్ నుంచి జనవరి దాక ఒకటే వాలు. ఇండ్ల ఎంత దిగిందో అండ్ల గూడ అంతే దిగినట్టు కనబడ్డది.

నేను అన్న, "బావా, మా బాయి గూడ గట్లనే దిగింది. మేం వరి ఏస్తున్నం. నువ్వు గూడ ఏయి, ఏం కాదు."

బావ మూడెకరాలు నాటేసిండు.

మార్చిల ఏమైందో మీరు ఊహించే ఉంటరు. ఆ యాసంగిల సిరిసిల్ల, కరీంనగర్ దిక్కు, మన జగిత్యాలల గూడ ఎండిన పొలాలు మీరంత చూసిండ్రు. బావ బాయిల మోటరు పది నిమిషాలు పోసి ఆగుడు, మళ్ల మూడు గంటలకు ఊరినంక పది నిమిషాలు. పొట్టకొచ్చిన పొలం. ఎకరంన్నర వదిలేసి మిగిలిన ఎకరంన్నర కాపాడుకున్నడు. వదిలేసిన దాంట్ల బర్లను తోలిండ్రు. అక్క ఫోన్ల ఏడ్వలే. "బర్లన్న తిన్నయి తీ" అన్నది. ఆ మాట నాకు ఇంక చెవుల ఉన్నది.

అప్పటికి గూడ తప్పు నాది అని నాకు తెల్వదు. వాన లేదు, ఏం చేస్తం అనుకున్న. ఉగాదికి మా బిడ్డ ఇంటికి వచ్చింది. ఏప్రిల్ 9. నేను జనవరిల చేసిన కాయితం చూపించిన. అది గీతలు చూడలే. గీతల ఎడమ దిక్కున్న చిన్న అంకెలు చూసింది. చూసి ఏం మాట్లాడకుండ కొంచెంసేపు కూసున్నది.

"బాపూ, నువ్వు ఈ అంకెలు చదివినవా?"

చదవలే. నిజం చెప్తున్న. గీతనే చూసిన.

మా బాయిల నీళ్లు అక్టోబర్ల 12 ఫీట్ల లోతుల ఉంటే జనవరిల 14కు దిగినయి. రెండు ఫీట్లు. బావ బాయిల 20 నుంచి 34కు దిగినయి. పద్నాలుగు ఫీట్లు. కానీ కంప్యూటర్ ఏం చేస్తదంటే, మనం చెప్పకపోతే, ఒక్కో గడికి దాని గీత నిండుగ పట్టేటట్టు కొలబద్ద అదే తయారుచేస్కుంటది. రెండు ఫీట్లను గూడ గడి నిండ సాగదీస్తది, పద్నాలుగు ఫీట్లను గూడ గడి నిండ ఇమిడిస్తది. రెండు ఒకే తీరు కనబడ్తయి. ఇద్దరు మనుషులను వేరేవేరే ఫోటో తీసి ఒకటే సైజు ఫ్రేముల పెడితే, ఆరడుగులోడు నాలుగడుగులోడు సమానం కనబడ్డట్టు.

మా దిక్కు కాకతీయ కాలువ నీళ్లు పారుతయి, ఆ ఊట బాయిలకు చేరుతది. బావది మెరక, కింద రాయి, కాలువ లేదు. రెండు బాయిలు ఒక తీరు దిగినయి అని నాకు కనబడ్డప్పుడే నాకు అనుమానం రావాలె. ముప్పై ఏండ్ల నుంచి ఎవుసం చేస్తున్నోన్ని. గీత చూసి నా బుద్ధి పక్కన పెట్టిన. కంప్యూటర్ది తప్పు గాదు. అడిగింది గీసింది. ఏం అడగాలో నాకు తెల్వలే.

మా అమ్మకు అంతకు ముందు ఏడాది గుండె దడ వస్తే జగిత్యాలల ఈసీజీ తీయించినం. ఆ గులాబీ రంగు గడుల కాయితం ఇంట్ల ఉండె. బిడ్డ అది తెచ్చి నా ముందు పెట్టింది. "ఇది చూడు బాపూ. ఒకటే గుండె, పన్నెండు దిక్కుల నుంచి చూసి పన్నెండు గీతలు. అన్నీ ఒకటే కాయితం మీద. కానీ అన్నిటికి ఒకటే కొలబద్ద. ఒక మిల్లీవోల్టుకు పది చిన్న గడులు, ఒక సెకనుకు ఇరవై అయిదు చిన్న గడులు. ఏ గీతకు ఆ గీత సాగదీస్తే డాక్టరుకు ఏం తెలుస్తది?"

అప్పుడు నాకు అర్థమైంది. కాయితం ఒక్కటైతె సరిపోదు. కొలబద్ద గూడ ఒక్కటి గావాలె.

దానికి సబ్‌ప్లాట్స్ బ్రాకెట్లనే ఒక మాట కలపాలె. షేర్‌వై ఈక్వల్ టు ట్రూ. అంతే. నిలువు కొలబద్ద అన్ని గడులకు ఒకటే అని అర్థం. అది కలిపి మళ్ల గీసినం. మా బాయి గీత దాదాపు నేల మీద పడుకున్నట్టు ఉన్నది. బావ బాయి గీత బండ మీది నుంచి జారినట్టు ఉన్నది. పసిపోరడు చూసినా నాటెయ్యొద్దు అంటడు. ఒక్క మాట తేడా. ఎకరంన్నర పొలం.

ఇంకో చిన్న తప్పు గూడ దొరికింది. లోతు అంకె పెరుగుతే నీళ్లు తగ్గినట్టు. కానీ గ్రాఫుల అంకె పెరిగితే గీత పైకి పోతది. అంటే నీళ్లు దిగుతుంటే గీత ఎక్కుతది. చూసేటోనికి ఉల్టా. ఇన్వర్ట్ వై యాక్సిస్ అని ఒక ముక్క రాస్తే అది తలకిందులైతది, నీళ్లు దిగితే గీత దిగుతది. బాయి లెక్కలు గీసేటోళ్లు ఇది మర్చిపోవద్దు. గడులు కొలబద్ద పంచుకుంటే ఈ ముక్క ఒక్క గడికి రాస్తే చాలు. రెండిటికి రాస్తే తిప్పింది మళ్ల తిరిగి మొదటికే వస్తది.

ఈ గీతలు గీసే సామాను పేరు మ్యాట్‌ప్లాట్‌లిబ్. దాన్ని జాన్ హంటర్ అనే అమెరికా ఆయన తయారుచేసి 2003ల బయటపెట్టిండు. మూర్ఛ రోగుల మెదడు నుంచి వచ్చే కరెంటు గీతలు చూడడానికి మొదలుపెట్టిండట. ఆ గీతలు గూడ ఒకదాని కింద ఒకటి, టైము అన్నిటికి ఒకటే. ఏ క్షణంల ఏ గీత ఎగిరిందో చూడాలంటే అదొక్కటే దారి. ఆయన 2012ల క్యాన్సర్‌తోని 44 ఏండ్లకే పోయిండు. ఆయన చేసింది మాత్రం పైస ఖర్చు లేకుండ లోకమంత వాడుకుంటది, కోరుట్ల దిక్కు నాలాంటోడు గూడ.

ఉగాది అయినంక నేను సిరిసిల్ల పోయిన. కొత్త కాయితం పట్టుకొని పోయిన. అక్క చాయ్ పెట్టింది. నేను రెండు కాయితాలు మంచం మీద పక్కపక్కన పెట్టి బావకు చెప్పిన. "బావా, నేను నీకు చెప్పింది తప్పు. గీత చూసి చెప్పిన, అంకె చూడలే."

బావ చాలాసేపు చూసిండు. "నువ్వు చెప్పకపోయినా నేను ఏసేటోన్నే కావచ్చు బామ్మర్దీ. ఖాళీగ ఉంచబుద్ధి కాదు పొలం" అన్నడు. అది నా మనసు కుదుటపడాలని అన్నడో, నిజంగనే అన్నడో నాకు తెల్వదు. ఆయన తమ్ముడు అక్కడే ఉన్నడు, సాంచెల మనిషి. కాయితం తీసుకొని, "ఇది మా పనే గదా. పడుగు ఒకటే ఉంటది, పేకలు మారుతయి. పడుగు తప్పితే బట్ట అంతా వంకర" అన్నడు.

ఆ మాట నాకు పనికొచ్చింది. పసుపు కాయితానికి పడుగు ఏందో దాంతోనే తెలిసింది.

బాయికి బాయిని పోల్చినప్పుడు రెండూ ఫీట్లే, అందుకే నిలువు కొలబద్ద ఒకటి పెట్టొచ్చు. కానీ వాన మిల్లీమీటర్లల ఉంటది, దిగుబడి క్వింటాళ్లల, ధర రూపాయలల, భూమి గుంటలల. వీటికి ఒకటే కొలబద్ద పెడితే ధర ఒక్కటే కనబడ్తది, మిగిలినయన్నీ నేలకు అతుక్కుంటయి. ఇక్కడ పంచుకోవాల్సింది అడ్డ గీత, అంటే ఏండ్లు. అదే పడుగు. షేర్‌ఎక్స్ ఈక్వల్ టు ట్రూ. నాలుగు గడులు ఒకదాని కింద ఒకటి, ఏండ్లు నిట్టనిలువుగ ఒక్క వరుసల. 2023 అంటే నాలుగిట్ల 2023 ఒకటే నిలువు మీద.

నియమం గిట్ల పెట్టుకున్న: ఒకే రకం సరుకైతే నిలువు కొలబద్ద ఒకటి. వేరే రకం సరుకైతే టైం మాత్రం ఒకటి.

ఇగ ఆ కాయితం ఏం చెప్పిందో వినుండ్రి. ఇవి నా సొంత లెక్కలు, మా చెలకవి. పై గడిల వాన, దాని కింద ఎకరానికి ఎండు పసుపు దిగుబడి, దాని కింద నేను అమ్మిన ధర, అన్నిటికంటె కింద నేను పెట్టిన గుంటలు.

2022ల 60 గుంటలు పెట్టిన. జూలైల పడ్డ వాన మీకు యాదికుంది, దుంప కుళ్లింది. ఎకరానికి 18 క్వింటాళ్లే వచ్చింది. 2023 ఎండకాలంల 5,600కు అమ్మిన. 27 క్వింటాళ్లకు లక్షా 51 వేలు. ఉడకబెట్టుడు, పాలిష్, కైకిలి పోతే చేతికి ఏం మిగల్లే. కోపంతోని 2023ల విత్తనం కోసం అన్నట్టు 10 గుంటలే పెట్టిన. 2024 మార్చిల నిజామాబాద్ యార్డుల ధర 15 వేలు దాటింది. నాది 14,500కు పోయింది. ఎన్ని క్వింటాళ్లు? అయిదున్నర. 80 వేల లోపే. అది చూసి ఆశతోని 2024ల 70 గుంటలు పెట్టిన. విత్తనం గూడ ఆ ఏడు పిరం. ఈ ఏడు 10,900కు అమ్మిన, 35 క్వింటాళ్లు.

ఈ లెక్కలన్నీ నా బుక్కుల ఉన్నయి. నాకు నోటికి వచ్చు. కానీ ధర గడి కింద గుంటల గడి పెట్టి, ఏండ్లు ఒకే నిలువుల పెట్టినంక కనబడ్డది వేరే. నా గుంటలు ధరకు నీడ లెక్క ఉన్నయి. ధర ఎక్కిన ఏడు గాదు, ఆ ఎక్కువ ధర చూసి నేను పెట్టిన పంట అమ్మే వరకు అది తగ్గింది. ధర పడినప్పుడు నేను తగ్గించిన, అమ్మే వరకు అది ఎక్కింది. నేను ఎన్నడూ ఒక్క అడుగు ఎనకనే.

బాపు రాసిన పేజీలు గూడ ఎక్కించిన. 2010-11ల పసుపు ధర ఎన్నడు లేనంత ఎక్కింది, పెద్దోళ్లకు ఎరుకే. ఆ ముందు ఏడు బాపు పెట్టింది 20 గుంటలు. ధర చూసి 2011ల 80 గుంటలు పెట్టిండు. 2012ల అమ్మింది 4,100కు. నేను అనుకునేటోన్ని బాపుకు అదృష్టం లేదని. కాయితం చూస్తే బాపు, నేను ఇద్దరం ఒకటే పని చేసినం. ఆయనకు చూపించేటోళ్లు లేరు.

ఇది మా ఇంటి సంగతే గాదు. ధర పడ్డప్పుడు నేనొక్కన్నే తగ్గించను, మీరు గూడ తగ్గిస్తరు, నిజామాబాదోళ్లు తగ్గిస్తరు, మహారాష్ట్రల సాంగ్లీ, హింగోలి దిక్కోళ్లు తగ్గిస్తరు. అందరం తగ్గిస్తే సరుకు తక్కువై ధర ఎక్కుతది. ఎక్కినంక అందరం పెంచుతం. పసుపు భూమిల ఎనిమిది తొమ్మిది నెలలు ఉంటది. ఆ నెలలే మనల్ని ఎనక పడేస్తయి.

ఒక చిన్న లెక్క వేసిన. ఈ మూడు పంటలకు నేను పెట్టింది మొత్తం 140 గుంటలు. 67 క్వింటాళ్ల చిల్లర, 6 లక్షల 12 వేలు. అదే 140 గుంటలను మూడేండ్లకు సమానంగ పంచి పెట్టి ఉంటే, దిగుబడి, ధర అవే అనుకుంటే, 7 లక్షల 44 వేలు వచ్చేది. లక్షా 30 వేలు తేడా. కొత్త విత్తనం లేదు, కొత్త మందు లేదు, ఎక్కువ భూమి లేదు. ఆశకు, కోపానికి నేను కట్టిన పన్ను అది.

పసుపు బోర్డు వచ్చింది, 2025 జనవరి 14న నిజామాబాదుల మొదలైంది. మంచిదే, కొట్లాడి తెచ్చుకున్నం. కానీ నేను ఎన్ని గుంటలు పెట్టాలో బోర్డు చెప్పదు. నా బుక్కే చెప్పాలె.

ఇగ చేసుకునేటోళ్లకు కొన్ని పనికొచ్చే మాటలు. కోడు ఇంగ్లీషు అక్షరాలల టైపు చేయాలె, ఇక్కడ చదువుకోవడానికి తెలుగుల రాస్తున్న.

మొదటి లైను ఇది: ఫిగ్, ఏఎక్స్ = పీఎల్‌టీ.సబ్‌ప్లాట్స్(4, 1, షేర్‌ఎక్స్=ట్రూ, ఫిగ్‌సైజ్=(8, 11)). 8, 11 అంటే ఇంచులు, ఏ4 కాయితానికి సరిపోతది. తర్వాత ఏఎక్స్ సున్నాల వాన, ఒకటిల దిగుబడి, రెండుల ధర, మూడుల గుంటలు.

వానకు, గుంటలకు స్తంభాలు పెట్టుండ్రి, బార్ అంటరు. ధరకు గీత. వాన స్తంభాలు సున్నా నుంచే మొదలవ్వాలె, లేకపోతే తక్కువ వాన గూడ సగానికి సగం తగ్గినట్టు కనబడి మోసం చేస్తది.

గడుల పేర్లు ఒకదాని మీద ఒకటి ఎక్కితే టైట్ లేఅవుట్ అని ఒక లైను రాస్తే సర్దుకుంటయి. పెండ్లి బంతిల జరిగి కూసున్నట్టు.

తెలుగుల పేర్లు రాస్తే నాకు ఖాళీ డబ్బాలు వచ్చినయి. అండ్ల ఉన్న ఫాంటుకు తెలుగు రాదు. నేను పేర్లు లేకుండ ప్రింటు తీసి పెన్నుతోని రాసుకున్న. సిగ్గుపడాల్సింది ఏం లేదు. పెన్నుతోని రాసిందే రైతు వేదికల అందరు చదివిండ్రు.

ధర, గుంటలు రెండూ ఒక్క గడిల పెట్టి, ఎడమ దిక్కు ఒక కొలబద్ద, కుడి దిక్కు ఇంకోటి పెట్టొచ్చు అని కొందరు చెప్తరు. నేను వద్దంటున్న. అట్ల పెడితే రెండు గీతలను మనకు నచ్చినట్టు జరుపొచ్చు, కలవనియి గూడ కలిసినట్టు చూపించొచ్చు. వేరే గడులల, ఒకదాని కింద ఒకటి ఉంటేనే నిజాయితీ.

నాలుగు గడులకంటె ఎక్కువ పెట్టకుండ్రి. నేను మొదట తొమ్మిది పెట్టిన. కైకిలి, మందులు, డీజిల్, అన్నీ. చూసేటోళ్లకు కండ్లు తిరిగినయి. ఏం నిర్ణయం తీసుకోవాలో ముందు అనుకొని, దానికి కావాల్సినయే పెట్టాలె.

మీ ఇంట్ల బుక్కు లేదంటరా? నిజామాబాద్, మెట్‌పల్లి యార్డుల ధరలు అగ్‌మార్క్‌నెట్ల దొరుకుతయి. కానీ మీ గుంటలు, మీ దిగుబడి, మీ బాయి ఎవ్వల దగ్గర ఉండయి. అవి మీరే రాయాలె. యార్డు తక్‌పట్టీలు పారేయకుండ ఒక డబ్బాల వేస్తే గూడ సగం పని అయినట్టే.

ఈ జూన్ల నేను పెట్టేది 45 గుంటలు. వచ్చే ఏడు ధర 20 వేలైనా 45, అయిదు వేలైనా 45. మా ఇంట్లామె నమ్ముతలేదు. "మార్చిల చూద్దాం నీ సంగతి" అంటున్నది. అందుకే ఈ అంకె ఇక్కడ మీ అందరి ముందు రాస్తున్న. మాట తప్పితే అడుగుండ్రి.

బావ నిరుడు యాసంగిల ఒక్క ఎకరమే నాటేసిండు. మిగిలిన రెండెకరాలు మక్క, కొంచెం జాగ ఖాళీ. నన్ను అడగలే. తనే కొలుచుకున్నడు, అక్క ఫోన్ల రెండు బాయిల కాయితం ఉన్నది, ఒకటే కొలబద్ద మీద. నెలకు రెండు సార్లు ఇప్పటికీ అంకె పంపిస్తడు. నేను గీసి తిరిగి పంపిస్త. ఇప్పుడు మాత్రం గీత పంపించేముందు కింద రెండు అంకెలు రాసి పంపిస్తున్న: మా బాయి ఇంత, నీ బాయి ఇంత.

మీరు గూడ ఈ ఒకటో తారీఖు తాడు పట్టుకొని బాయి కాడికి పోండ్రి. ఒక అంకె రాయండ్రి. మీ పక్క బాయోన్ని గూడ రాయమనుండ్రి. పదిమందివి జమైతే ఒక పేజీ మీద పదిగడులు, ఒకటే కొలబద్ద పెట్టి రైతు వేదిక గోడకు నేనే అతికిస్త. యాసంగి నాట్లకు ముందు అందరం దాని ముందు నిలబడి మాట్లాడుకుందాం.

నేను రాసినదాంట్ల తప్పు ఉంటే మొహమాటం లేకుండ కింద రాయండ్రి.